నోరు తెరిచి పడుకున్న గంట

ఇంకొంచెం తెరవండి సార్, ఇంకొంచెం, అంటున్నాడు పళ్ల డాక్టరు. ఇంతకన్నా తెరిస్తే దవడ ఊడి అతని చేతికే వస్తుంది. నెత్తిమీద దీపం సిగ్గూ ఎగ్గూ లేకుండా గొంతు దాకా చూస్తోంది. నాలుక పక్కన వంకర గొట్టం ఒకటి గురగురలాడుతూ నా ఉమ్మిని పీలుస్తోంది, మధ్యలో గాలి తగిలినప్పుడల్లా గ్లాసు అడుగున ఆఖరి గుక్క లాగుతున్నట్టు చప్పుడు. ఎవరిదో అయితే మొహం తిప్పుకునేవాణ్ణి, నాదే కాబట్టి ఎటు తిప్పుకోవాలో తెలియడం లేదు. డాక్టరు వేళ్లకున్న రబ్బరు తొడుగుల వాసన, దాని కింద లవంగ నూనె వాసన, ఆ రెంటి కింద నా నోటి వాసన. మూడోదాని గురించి ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. క్లాసులో ముందు బెంచీ ఎందుకు ఎప్పుడూ ఖాళీగా ఉండేదో ఇప్పుడు అర్థమవుతోంది. ఎలుకల నోళ్లు తెరిచి చూడటమే నా ఉద్యోగం. పుల్ల అడ్డం పెట్టి, దీపం దించి, పళ్లు లెక్కపెట్టి, పిల్లల చేత లెక్కపెట్టించి జీతం తీసుకున్నాను. పిల్లలు నన్ను ఎలుకల సారు అంటారు, నాకు తెలియదని వాళ్ల భ్రమ. ఇన్నేళ్లలో ఒక్క ఎలుకా మొహం చిట్లించలేదు, ముందే చచ్చి ఉండేవి గనక. బతికుండగా ఈ పని చేయించుకోవడం ఎంత అసహ్యమో ఇవాళ తెలిసింది, అదీ సాయంత్రం నా వీడ్కోలు సభ పెట్టుకుని.

పొద్దున ముందు పన్ను విరిగింది. పై వరసలో నడిమి రెంటిలో ఎడమది, అడ్డంగా సగానికి. నరం బయటపడింది, గాలి తగిలితే చాలు ప్రాణం జివ్వుమంటుంది. డాక్టరు చూడగానే రెండు దారులున్నాయన్నాడు. మొదటిది, ఇప్పుడే మత్తు సూది వేసి, నరం సంగతి చూసి, విరిగిన ముక్కనే మళ్లీ అతికించడం. కాకపోతే పై పెదవి ముక్కు దాకా సాయంత్రం వరకూ మొద్దుబారి ఉంటుంది, మాట ముద్దగా వస్తుంది, సభలో మాట్లాడటం కుదరదు. రెండోది, నొప్పికి మాత్ర వేసుకుని, ఆ సందుతోనే సభకి వెళ్లి, మాట్లాడి, రేపు రావడం. నేను ఆలోచించేలోపే మా ఆవిడ, అతికించెయ్యండి డాక్టరు గారూ, ఫొటోలు తీస్తారు, అంది. డాక్టరు నా వైపు చూశాడు. నేను తలూపాను. తలూపడంలో నాకు మంచి అనుభవం ఉంది. కమిటీల్లో, మీటింగుల్లో, హెడ్డు గదిలో, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ ఊపాను. సూది చిగుట్లో దిగినప్పుడు కళ్లు మూసుకున్నాను, ఇప్పుడు పెదవి నాది కాదు, ఎవరిదో మాంసపు ముక్క తెచ్చి ముక్కు కింద అంటించినట్టుంది.

సభలో నేను మాట్లాడాల్సింది నిజానికి ఒక్క పేరు. మా జంతుశాస్త్ర విభాగానికి ఒక మ్యూజియం ఉంది, పేరుకే మ్యూజియం, పొడుగాటి గది, గోడల నిండా గాజు సీసాలు, వాటిలో తెల్లబడిపోయిన పాములూ కప్పలూ గబ్బిలాలూ, ఒక బీరువా నిండా నేను ఏరి తెచ్చిన ఎలుక పుర్రెలు. దానికి ఒకే తాళంచెవి. ఇప్పుడు నా ప్యాంటు జేబులో తొడకి గుచ్చుకుంటోంది. మ్యూజియం చూసుకునేవాడు రిటైరయ్యేటప్పుడు వేదిక మీద అందరి ముందూ ఒకరి పేరు పిలిచి తాళం చేతిలో పెడతాడు, ఎవరి చేతిలో పడితే మ్యూజియం వాళ్లది, హెడ్డు కూడా మార్చలేడు. మా విభాగంలో మిగిలిన మర్యాద ఇదొక్కటే. మ్యూజియం చూసుకునేవాళ్లని ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదని కాలేజీ నియమం. మా దగ్గర ఒకామె ఉంది, పిల్లలు ఎలుకల మేడం అంటారు, ఏళ్లూ పూళ్లూగా కాంట్రాక్టు లెక్చరరు, ఈ నెలాఖరుతో కాంట్రాక్టు అయిపోతుంది, ఈసారి పొడిగించరని ప్యూనుతో సహా అందరికీ తెలుసు. తాళం ఆమె చేతిలో పడితే ఉద్యోగం నిలుస్తుంది. ఇంకొకరి చేతిలో పడితే వచ్చే నెల నుంచి ఆమె ఇంట్లో ఉంటుంది. అంతే విషయం. ఇంత చిన్న విషయానికి నాకు వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

ఇంకొకరు అంటే స్లైడ్ల బాబు. మా హెడ్డు మనిషి. కరెంటు పోతే క్లాసు చెప్పలేడు. కప్ప గుండెకి ఎన్ని గదులని అడిగితే తెర వైపు తిరుగుతాడు. సీసాలు చూస్తే అతనికి వాంతి వస్తుందట, ఫార్మలిన్ వాసన పడదట, మ్యూజియం ఖాళీ చేయించి తెర పెట్టి మెత్తటి కుర్చీలు వేయిస్తానని ఇప్పటికే గది కొలుచుకున్నాడు. కొలిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. టేపు ఒక చివర పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను కూడా. టేపు చివర పట్టుకుని నా ఎలుకల బీరువాకి ఆనుకుని నిలబడ్డాను, కొంచెం పక్కకి జరగండి సార్ అంటే జరిగాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లంతా కంపరం. అతని మీద కాదు, అతనికి అంత బుర్ర లేదు. ఆ టేపు పట్టుకున్న వేళ్ల మీద.

కొంచెం చేదుగా ఉంటుంది సార్, అని డాక్టరు ఏదో పోశాడు. చేదు కాదు, రోత. ఇతగాడికి కబుర్లు ఎక్కువ. నా నోట్లో రెండు చేతులూ పెట్టి, మీరేం సబ్జెక్టు సార్ అంటాడు. ఆఁ అన్నాను. ఓహో, అన్నాడు, అర్థమైనట్టే. ఎన్నాళ్ల సర్వీసు? ఆఁ. అబ్బో, అన్నాడు. నా చదువంతా ఆ ఒక్క ఆఁలోనే ఇమిడిపోయింది, నాకెందుకో నవ్వొచ్చింది, నవ్వడానికి పెదవి లేదు. ఇతనికి నా పళ్లు ముచ్చటగా ఉన్నట్టున్నాయి, పసుపుపచ్చగా ఉన్నాయి కానీ గట్టివి అంటున్నాడు. ఎలుక పన్ను కూడా అంతే నాయనా, పసుపుగా ఉంటేనే ఆరోగ్యం, పంటి పైపూతలో ఇనుము ఉంటుంది, తెల్లబడితే అనుమానించాలి. ఈ మాట ఎన్ని క్లాసుల్లో చెప్పానో. పరీక్షలో ఒక్కడూ రాయడు. ఎలుకకి ముందు నాలుగు కొరుకుడు పళ్లు, వెనకాల దవడ పళ్లు, మధ్యలో ఖాళీ, కోరపళ్లు ఉండవు. ఉండవు. బల్ల గుద్ది చెప్పాను, బోర్డు మీద ఖాళీ గీసి చూపించాను, పుర్రె చేతికిచ్చి వేలు పెట్టి తడమమన్నాను. బజారులో అమ్మే గైడులో ఎవడో పొరపాటున ఎలుకకి రెండు కోరపళ్లు అని అచ్చేశాడు, అప్పట్నుంచి ప్రతి ఏడూ ప్రతి పేపరులో ఎలుకకి రెండు కోరపళ్లు మొలుస్తున్నాయి. సున్నా వేస్తాను. మార్కులు మళ్లీ లెక్క కట్టేటప్పుడు ఎవరో దయతలిచి వేస్తారు. దేవుడు ఇవ్వని కోరలు యూనివర్సిటీ ఇస్తోంది.

పొద్దున పన్ను విరిగింది కూడా ఈ కోరల మీదే. సాయంత్రం సభలోనే మా హెడ్డు రాసిన పాఠ్యపుస్తకం ఆవిష్కరణ. మా హెడ్డుని పిల్లలు చూద్దాం సారు అంటారు, ఏది అడిగినా చూద్దాం అంటాడు, ఇంతవరకూ ఏదీ చూడలేదు. పుస్తకం నాకు అంకితమట. ఒక ప్రతి పొద్దున్నే నా బల్ల మీద పెట్టి, మీరు ముందు చూడాలి మాస్టారూ అని వెళ్లాడు. అలవాటు ప్రకారం ఎర్ర పెన్ను మూత పంటికింద పెట్టుకుని తిరగేశాను, దిద్దేటప్పుడు మూత కొరకడం నాకు చిన్నప్పటి జబ్బు, ఈ పెన్ను మూత ఇనుపది, అదీ ఆయనగారు బహుమానంగా ఇచ్చిందే. ఎలుకల అధ్యాయం దగ్గర ఆగాను. ఒక పేజీ నిండా పుర్రె బొమ్మ. ఎంత బాగుందో చెప్పలేను. ప్రతి ఎముకా, ప్రతి అతుకూ, ముందు పళ్ల వంపు, వాటి వెనకాల నున్నటి ఖాళీ, దాని మీద పడ్డ వెలుగు కూడా. గీసింది ఎలుకల మేడం. మ్యూజియంలో నా బీరువా పక్కన ముక్కాలి పీట వేసుకుని, సెలవుల్లో కూడా వచ్చి, ఒక్కో పుర్రెనీ నెల్లాళ్లు గీసింది. పుస్తకం కోసమని హెడ్డే గీయించాడు. ఆమె పేరు పుస్తకంలో ఎక్కడా లేదు. టైపు చేసినవాడికి కృతజ్ఞతలున్నాయి, కాఫీ అందించిన వాళ్లావిడకి ఉన్నాయి, ఈమెకి లేవు. సరే, ఇదీ మామూలే అనుకుని బొమ్మ కింద మాట చదివాను. పై బొమ్మలో చూపినట్టు ఎలుకకు రెండు కోరపళ్లు ఉండును. బొమ్మలో ఖాళీ. కింద కోరలు. గైడు చూసి రాసినవాడు పైనున్న బొమ్మ కూడా చూడలేదు. అచ్చు దిద్దినవాళ్లు చూడలేదు, పుస్తకం ఆమోదించిన కమిటీ చూడలేదు, ఆ కమిటీలో ముగ్గురు జంతుశాస్త్రం ప్రొఫెసర్లు. మొదటి పేజీలో, ఎలుకల దంతాలపై మనకు కళ్లు తెరిపించిన మాస్టారికి, అని నాకు అంకితం. పళ్లు నూరాను. పళ్ల మధ్య ఇనుప మూత ఉందన్న సంగతి మరిచిపోయాను.

టక్కుమంది. ముక్క పుస్తకం మీదే పడింది, అంకితం మీద. రక్తపు చుక్కతో సహా. దాన్ని చూస్తే అంత రోత పుట్టింది నాకు, నాలోంచి రాలిన ముక్కే అయినా, చెత్తబుట్టలోకి విదిలించబోయాను. అప్పుడే ఆమె లోపలికొచ్చింది, ఏదో పుర్రెకి నంబరు అడగడానికి. నా మొహం చూసింది, బల్ల చూసింది. అయ్యో అనలేదు, అమ్మో అనలేదు. ఆగండి సార్ పారెయ్యకండి అని ఒక చిన్న నమూనా సీసా తీసుకుని క్యాంటీనుకి పరిగెత్తి పాలు పోయించుకొచ్చింది, చిమటాతో ముక్కని పట్టి పాలల్లో వేసి మూత బిగించింది. ఎండితే అతకదు సార్, అంది. నాకు తెలిసిన సంగతే. ఎవరిదైనా అయితే నేనూ అదే చేసేవాణ్ణి. నాదనేసరికి చెత్తబుట్ట గుర్తొచ్చింది. తర్వాత తన స్కూటరు వెనకాల నన్ను కూర్చోబెట్టుకుని ఇక్కడికి తెచ్చింది, ప్రతి గతుకు దగ్గరా ముందే చెబుతూ. మా ఆవిడకి ఫోను చేసి రప్పించింది. ఇప్పుడు బయట గదిలో కూర్చుని ఉంటుంది. డాక్టరు ఇందాక సీసా ఎత్తి వెలుగులో చూసి, ఎవరండీ ఇలా తెచ్చింది, సగం పని వాళ్లే చేసేశారు, అన్నాడు. నేను ఆఁ అన్నాను.

ఇంత చెప్పుకున్నాక, తాళం ఎవరికివ్వాలో ఇంకా ఆలోచించడం ఏమిటి అనిపిస్తుంది. ఆలోచించడం కాదు, తలూపేశాను. పోయిన వారం. హెడ్డు తన గదికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, బిస్కెట్లు నా వైపు జరిపి, మాస్టారూ మీలాంటివాళ్లని ఎలా వదులుకుంటాం అన్నాడు. గౌరవ ఆచార్యులుగా ఉండిపొండి అన్నాడు. మెట్ల పక్కన చిన్న గది, కిటికీ, ఒక బల్ల, రోజూ రావచ్చు, ఎన్నాళ్లయినా రావచ్చు. బల్ల సొరుగు లాగి పేరు పలక తీసి చూపించాడు, అప్పటికే చేయించి పెట్టాడు, నున్నటి చెక్క మీద ఇత్తడి అక్షరాలు, నా పేరు, దాని కింద గౌరవ ఆచార్యులు. చేత్తో తడిమి చూశాను. చల్లగా ఉంది. అప్పుడు, మరి తాళం మన కుర్రాడికి ఇచ్చేస్తే అన్నీ సాఫీగా జరిగిపోతాయి, అన్నాడు, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ. బిస్కెట్టు మెత్తబడి కప్పులో జారిపోయింది, చెంచాతో వెతుక్కున్నాడు, ఆ ముద్దని తీసి నోట్లో వేసుకున్నాడు, నోరు తెరిచే నమిలాడు. నేను ఆ నోటికేసి చూస్తూ తలూపాను. ఆ నోరు నాకింకా కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది.

ఎందుకూపానంటే భయపడి. దాచుకోవడానికి ఏముంది, నోరే ఇంత బార్లా తెరుచుకుని ఉంటే. మా ఆవిడ బడిపంతులుగా రిటైరై మూడేళ్లు, ఒక్కనాడు దిగులుపడి ఎరగదు, మొక్కలంటుంది, నడకంటుంది, పక్కింటివాళ్ల పిల్లకి లెక్కలంటుంది, మధ్యాహ్నం కాలు మీద కాలేసుకుని నిద్రపోతుంది. నాకు అదేదీ చేతకాదు. సెలవు రోజు పది దాటితే చాలు, ఇంట్లో నేను ఎక్కడ నిలబడ్డా ఆవిడ ఊడ్చాల్సిన చోటే అవుతుంది. ఏమండీ కొంచెం జరగండి. అక్కడా జరగండే. పొద్దున లేచి గడ్డం గీసుకుని చొక్కా తొడుక్కున్నాక ఎక్కడికో వెళ్లాలి కదా మనిషి, ఆ ఎక్కడికో అన్నది లేకపోతే చొక్కా ఎందుకు. ఎలుకలు తప్ప నాకు ఇంకేమీ తెలియదు, ఎలుకల గురించి వినేవాళ్లు కాలేజీలో తప్ప ఉండరు, కాలేజీలో కూడా నిజానికి ఒక్కతే ఉంది, ఆమెని పంపించేసి నేను మెట్ల పక్కన గదిలో కూర్చుని ఎవరికి చెబుతాను? వారం రోజులుగా ఈ ప్రశ్న దగ్గరకి వచ్చి ఆగిపోతున్నాను. ఆమె నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, విసుక్కునేవాణ్ణి, అడిగిందన్న సాకు దొరికేది. స్కూటరు మీద కూడా అడగలేదు. సార్, గతుకొస్తోంది, పట్టుకోండి, అంది అంతే.

అస్సలు కదలకండి సార్, అతికిస్తున్నా, అన్నాడు డాక్టరు. నీలం దీపం ఒకటి పంటి మీద పెట్టాడు, అది కుయ్యి కుయ్యిమంటోంది. పక్కన సాయం చేస్తున్న అమ్మాయి ఉమ్మి గొట్టం ఇంకో మూలకి మార్చింది, మారుస్తూ గోడ గడియారం కేసి చూసి ఆవులించింది. తలుపు సందులోంచి మా ఆవిడ గొంతు వినిపిస్తోంది, ఫోనులో. ఆవిడ ఫోనులో మాట్లాడితే అవతలివాళ్లకి ఫోను అక్కర్లేదు. అదేనండీ, పన్ను విరిగింది, ఆఁ, మత్తు ఇచ్చారు, మాట్లాడలేరట, ఏం చేస్తాం చెప్పండి. తర్వాత కాసేపు ఊఁ, ఊఁ. తర్వాత, అయ్యో మీరే చెప్తారా, పేరు కూడా మీరే పిలుస్తారా, మంచిదండీ, ఆయన్ని అడిగి చెబుతాను. హెడ్డే. నా బదులు తనే నాలుగు మాటలు చదువుతాడట, నా బదులు పేరు కూడా తనే పిలుస్తాడట, నేను ఊరికే కుర్చీలో కూర్చుంటే చాలట. వినగానే నాకేమనిపించిందో చెప్పనా? హాయిగా అనిపించింది. చల్లటి నీళ్లు తాగినట్టు. అమ్మయ్య, నేను కాదు ఇచ్చింది, నాకు నోరు లేదు, అందరూ చూశారు, డాక్టరు సాక్ష్యం. ఆమెకి మొహం ఎలా చూపించాలా అని వారంగా తన్నుకుంటుంటే ఒక సూది మందు ఆ పని చేసిపెట్టింది. కుర్చీలో ఒళ్లు వదిలేశాను. భుజాలు దిగిపోయాయి. అలా రిలాక్సవండి, అదీ, అన్నాడు డాక్టరు మెచ్చుకుంటూ.

ఆ వెంటనే వచ్చింది రోత. గొట్టం చప్పుడు మీద వచ్చింది కాదు, లవంగ నూనె మీద కాదు, కప్పులో జారిన బిస్కెట్టు మీద కూడా కాదు. పొద్దున్నుంచి ఊరందరి మీదా చీదరించుకుంటూ పడుకున్నాను, హెడ్డు నోరూ, బాబు టేపూ, కమిటీ కళ్లూ, గైడు కోరలూ, ఆఖరికి ఈ అమ్మాయి ఆవులింత కూడా వదల్లేదు. నాకు నచ్చని ప్రతిదీ జరగాలంటే ఒక్క తల ఊగాలి, ఆ తల నాది. ఎలుకకి ముందు పళ్ల వెనకాల ఖాళీ ఎందుకుందో క్లాసులో ఎంత గొప్పగా చెప్పేవాణ్ణి! గోడ కొరికేటప్పుడు పెదవుల్ని ఆ సందులోకి మడిచి నోరు మూసేస్తుంది, సున్నం లోపలికి పోదు, కొరుకుతుంది కానీ మింగదు, ఎంత తెలివో చూడండి అనేవాణ్ణి. నేను దానికి తలకిందులు. ఒక్కదాన్నీ కొరకలేదు, అన్నీ మింగాను. టేపు మింగాను, అంకితం మింగాను, పేరు పలక మింగబోతున్నాను. ఎలుక పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, దేన్నీ కొరకకుండా ఊరుకుంటే వంకరపోయి దాని దవడలోకే దిగబడతాయి, అలాంటి పుర్రె ఒకటి నా బీరువాలోనే ఉంది, పై అరలో, ఆమె గీసిన మొదటి బొమ్మ దానిదే. చాలు. ఇక్కడ కూడా పాఠం మొదలెట్టాను. ఈ పాఠాలు చెప్పే నోరంటేనే నాకు వెగటు.

నాకు తాళం ఇచ్చింది మా గురువు గారు. చాలా ఏళ్ల కిందట, అదే హాలు, అవే చెక్క మెట్లు. అప్పటికి ఆయనకి పక్షవాతం వచ్చి మాట పోయింది. పేరు పిలవడానికి నోరు తిరగదు, అందరూ తల దించుకుని కూర్చున్నాం, ఎవరో ఆయన బదులు లేచి చదవబోయారు. ఆయన బాగున్న చేత్తో కూర్చోమని సైగ చేసి, మెట్లు దిగి, వరసల మధ్యలోంచి ఈడ్చుకుంటూ నడిచి నా దగ్గరకొచ్చి తాళం నా చేతిలో పెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటీ మూసి, మళ్లీ అలాగే నడిచి వెళ్లి కూర్చున్నాడు. నోటి చివర ఉమ్మి కారుతోంది. నాకప్పుడు దాన్ని చూసి, ఎందుకు దాచుకోవాలి, కొంచెం అసహ్యం వేసింది. ఆ తాళమే ఇప్పుడు తొడకి గుచ్చుకుంటోంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ తట్టనిది నీలం దీపం కింద తట్టింది. తాళం ఇవ్వడానికి నోరెందుకు? చెయ్యి చాలు. నా చేతులకి మత్తు ఇవ్వలేదు. రెండూ కుర్చీ పక్కన బాగానే ఉన్నాయి, వేళ్లు ఆడించి చూసుకున్నాను, పదీ ఆడాయి. నా హాయి అక్కడితో సరి.

అయిపోయింది సార్, పుక్కిలించండి, అన్నాడు డాక్టరు. పుక్కిలించాను, సగం నీళ్లు పెదవి మీదుగా చొక్కా మీదకే వచ్చాయి, సాయంత్రానికని మా ఆవిడ ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కా. అద్దం ఇచ్చాడు. పన్ను అతికింది, గీత కూడా కనిపించడం లేదు, పసుపు మీద పసుపు. చుట్టూ ఉన్న మొహమే జారిపోయి ఉంది.

బయట గదిలో బెంచీల మీద నలుగురైదుగురు దవడలు పట్టుకుని కూర్చున్నారు. ఎలుకల మేడం గోడవారగా, ఒళ్లో నా సంచీ, చేతిలో ఖాళీ అయిన నమూనా సీసా, కడిగి తుడిచి పట్టుకుంది, విభాగం సీసా కదా, తిరిగి పెట్టాలి. నన్ను చూడగానే లేచి నిలబడి, అతికిందా సార్ అని అడిగింది. మా ఆవిడ ఎదురొచ్చి ఫోను చూపించింది, హెడ్డు మళ్లీ చేశాడట, ఫోను స్పీకరులో ఉంది. "ఏమండీ, హెడ్డు గారు మీ బదులు ఆయనే చెప్పేస్తారట. మీరు ఊఁ అంటే చాలట." ఫోనులోంచి, ఊఁ కూడా అక్కర్లేదు మాస్టారూ, తలూపినా మేడం గారు చెబుతారు, అని హెడ్డు నవ్వాడు. గదిలో అందరూ నా తలకేసి చూస్తున్నట్టే అనిపించింది. సాయంత్రం దాకా నన్ను నేను నమ్ముకోలేను. నాకు నేను తెలుసు. మధ్యాహ్నం అన్నం తిని, ఆ మెట్ల పక్కగా వెళ్తూ కిటికీలోంచి గది చూస్తే, ఇత్తడి అక్షరాలు తలుచుకుంటే, మళ్లీ ఊగుతుంది ఈ తల.

జేబులోంచి తాళం తీశాను. ఆమె చేతిలో సీసా మూత లేకుండానే ఉంది. తాళం అందులో వేశాను. గాజులో ఇత్తడి ఖంగుమంది, ఫోనులోకి కూడా వినిపించి ఉంటుంది, ఏమిటది మాస్టారూ అన్నాడు. సీసాతో సహా ఆమె వేళ్లు మూశాను. ఆమె సీసాకేసి, నాకేసి, మా ఆవిడకేసి చూసింది. ఆమెకి ఏడుపు రాలేదు, అంత త్వరగా రాదు, ముందు అర్థం కావాలి కదా.

"సార్, ఇది సాయంత్రం కదా ఇవ్వాల్సింది," అంది.

తల అడ్డంగా ఊపాను. ఇటు వైపు ఊపడం కొత్త, మెడ పట్టేసింది. ఫోనులో హెడ్డు, మాస్టారూ, మాస్టారూ, చూద్దాం, కంగారు పడకండి, చూద్దాం, అంటున్నాడు. మా ఆవిడ చేతిలోంచి ఫోను తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నాను. పెదవి కదలదు, నాలుక బరువు, అయినా అన్నాను, ఒక్కో ముక్కా నెట్టుకుంటూ.

"తాళం ఇచ్చేశాను. ఆ గది నాకొద్దు. ఎలుకకి కోరలుండవు."

అవతల ఎంత అర్థమైందో తెలియదు. మా ఆవిడకి మాత్రం అన్నీ అర్థమైనట్టున్నాయి, ఫోను తీసుకుని స్పీకరు ఆపేసి, ఉంటానండీ అని పెట్టేసింది. రేపట్నుంచి ఇంట్లో ఎక్కడ నిలబడాలో మాట్లాడుకుందాంలెండి, అంది. నేను మాట్లాడినప్పుడు నా మూతి మూలన తడి చేరి గడ్డం మీదుగా జారి చొక్కా మీద తీగలా పడింది. బెంచీ మీద ఒకావిడ చూసి చప్పున మొహం పక్కకి తిప్పుకుంది. ఎలుకల మేడం జేబురుమాలు తీసి చాచింది. నేను తీసుకోలేదు, తుడుచుకోలేదు.